పళ్లెంలో నాలుగు ఆలివ్ కాయలు

ఆగస్టులో ద్రాక్ష రంగు తిరిగిన రోజు నుంచి మా వంటింట్లో వెల్లుల్లి ఉండదు. ఉల్లిపాయ ఉండదు, మిరియాలుండవు. ఒంటికి రుద్దుకునే సబ్బు కూడా మందుల షాపులో దొరికే వాసన లేని తెల్ల బిళ్ళే. అక్టోబరు మధ్యలో కోత ముగిసేదాకా ఇదే పద్ధతి. "మా ఆవిడ ఏడాదికి రెండున్నర నెలలు వంట మర్చిపోతుంది," అని గ్లెన్ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్విస్తాడు. ఎందుకు మర్చిపోతున్నానో అతనికి తెలీదు. చెప్పనని నేను మాటిచ్చాను.

నార్త్ ఫోర్క్ లోయలో అన్నిటికంటే ఎత్తున ఉన్న తోట మా టెసారోలది. మా కంచె దాటితే ఆస్పెన్ చెట్లూ ఎల్క్ దుప్పులూ తప్ప ఇంకేమీ లేవు. ఇంత ఎత్తులో ద్రాక్ష నిదానంగా పండుతుంది. రెండు రోజులు ముందు కోస్తే పచ్చి, రెండు రోజులు ఆగితే మంచు. ఎప్పుడు కొయ్యాలో చెప్పే మనిషి ఇంట్లో ఒక్కరే ఉండాలన్నది మా మామగారి తండ్రి బత్తిస్తా పెట్టిన నియమం. బొగ్గుగని వదిలేసి తీగలు నాటిన కొత్తలో ఆయనా ఆయన తమ్ముడూ చెరో మాట చెప్పి, సగం తోట పచ్చిగా కోసేసి, సగం మంచుకి వదిలేశారట. అప్పట్నుంచి ఈ ఇంట్లో కోతకి ఒకే నోరు. ఆ మనిషి నడుముకి బత్తిస్తా వాడిన వంకర కత్తి వేలాడుతుంది. రంగు తిరిగినప్పట్నుంచి కోత దాకా ఆ మనిషి లోయ దాటకూడదు.

కత్తి మా మామగారు ఆల్డో నడుముకే ఉంది. నోరు మాత్రం రెండేళ్ళుగా నాది.

రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో ఆయనకి జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత వారానికి, పొయ్యి మీద చిక్కుళ్ళు పెట్టి పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. మాడు వాసన బట్టల తీగ దగ్గరికే వచ్చింది. పరుగెత్తుకొచ్చి చూద్దును కదా, కుండ అడుగు నల్లబడిపోయింది. పొయ్యికి మూడడుగుల దూరంలో కూచుని ఆల్డో తీరిగ్గా పేపరు చదువుతున్నారు. తలెత్తి నా మొహం చూశాకే ఆయనకి తెలిసింది, ఏదో జరిగిందని.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"జ్వరం తర్వాత," అన్నారు. "వస్తుందిలే. జలుబు లాంటిదేలే."

రాలేదు. నాలిక మీద తీపి, పులుపు, చేదు తెలుస్తున్నాయి. వాసన మాత్రం ఏమీ లేదు. కాఫీ అయితే చేదు నీళ్ళు, పీచ్ పండయితే తియ్యటి నీళ్ళు. యాభై ఏళ్ళపాటు పీపా మూత తీయగానే లోపల ఏం జరుగుతోందో చెప్పిన మనిషి, పీపా మీద వంగి, ఏమీ లేని గాలి పీల్చి నా వైపు చూసేవారు.

"గ్లెన్‌కి చెప్పకు," అన్నారు. "ఒక్క కోత అయ్యేదాకా."

ఒక్క కోత రెండయింది, ఇప్పుడిది మూడోది. పొద్దున్నే నేనూ ఆయనా వరసల్లో నడుస్తాం. నేను ద్రాక్ష నమిలి, విత్తనం కొరికి, ఊసి, చెవిలో చెప్తాను. ఆయన అందరికీ చెప్తారు. నా ముక్కూ నాలికా చెడకూడదనే వెల్లుల్లీ వాసన సబ్బూ మానేశాను. చలికాలమంతా నేలమాళిగలో ఒక్కొక్క పీపా వాసన చూసేదీ నేనే. మా చెల్లెలికి బిడ్డ పుడితే వెళ్ళలేకపోయాను, అది సెప్టెంబరు. కారణం ఏం చెప్పాలో తెలీక నడుం నొప్పన్నాను. దానికి ఇప్పటికీ కోపమే.

గ్రాండ్ జంక్షన్‌లో ఒక బడి ఉంది. నేను గన్నిసన్ కాలేజీలో రసాయనశాస్త్రం చదివాను. పెళ్ళికి ముందు రెండేళ్ళు పాఠాలు కూడా చెప్పాను. ఆ బడివాళ్ళు క్రిస్మస్ తర్వాత నుంచి రమ్మని అడగడం ఇది మూడోసారి. రెండుసార్లు నేనే వద్దన్నాను. రెండుసార్లూ గ్లెన్‌తో పెద్ద గొడవైంది.

"వెళ్ళమంటే వెళ్ళవు. వెళ్ళకుండా ఏడుస్తావు," అన్నాడు గ్లెన్. "నిన్నెవరు పట్టుకున్నారే? సోమవారం వెళ్ళి శుక్రవారం వస్తే నేనేం ఆకలితో చస్తానా? అసలు నీకేం కావాలో నీకే తెలీదు."

ఈసారి జవాబు గురువారం సాయంత్రం నాలుగింటికల్లా చెప్పాలని ప్రధానోపాధ్యాయురాలు మిసెస్ ఒర్టిజ్ ఖచ్చితంగా చెప్పింది. "ఇంకొకరున్నారు, కారిన్. మళ్ళీ అడగను," అంది. ఆవిడ మాటలో విసుగు లేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

ఆ గురువారం పొద్దున తోట పై చెక్కలో నడుస్తున్నాం. అన్నీ కోసేశాం, నల్ల ద్రాక్ష పదకొండు వరసలే మిగిలాయి. రేడియోలో శనివారం రాత్రికి మంచన్నారు. చేతి తొడుగుల్లోంచి కూడా చలి కరుస్తోంది. నేను ఒక పండు నమిలాను. తొక్కలో ఇంకా పచ్చికాడ వాసనుంది. విత్తనం సగమే గోధుమరంగు తిరిగింది.

"ఇవాళ కాదు," అన్నాను. "శనివారం మధ్యాహ్నం. ఈ రెండు రోజుల ఎండా కావాలి దీనికి."

"శనివారం," అన్నారు ఆల్డో, జేబులో దాచుకుంటున్నట్టుగా.

"ఆల్డో, నాలుగింటికి నేను బడికి జవాబు చెప్పాలి."

ఆయన ఒక గుత్తి వెనక ఆకు తెంపారు. తర్వాత ఇంకో ఆకు. "ఇంకొక్క ఏడాది," అన్నారు.

"నిరుడూ ఇదే మాటన్నారు."

"నువ్వు వెళ్తే నాకు నోరేది? నలభై పీపాలున్నాయి కింద. ఏది పుల్లబడుతోందో ఎవడు చెప్తాడు? గ్లెనా? వాడు ట్రాక్టరు నూనె వాసన చూసి అది ఏ ఏడాదిదో చెప్తాడు."

గ్లెన్‌కి పద్నాలుగేళ్ళప్పుడు తండ్రి అడిగితే పచ్చి ద్రాక్ష నమిలి "పండింది" అన్నాడట. ఆ కథ ఈ ఇంట్లో ప్రతి విందులోనూ వినపడుతుంది. ఆల్డో గొంతు మార్చి, "పండింది నాన్నా!" అని అభినయించి చూపిస్తారు. గ్లెన్ కూడా నవ్వుతాడు. అది జరిగి ముప్పై ఏళ్ళయింది. నేనీ ఇంటికి వచ్చాక అతను తోటలో ఒక్క పండు నోట్లో వేసుకోవడం చూడలేదు.

"ఇవాళ వెర్నా వస్తోంది," అన్నాను. "ఈసారి నేను మీ పళ్లెంలో ఆలివ్ కాయలు పెట్టను. వాసన పోయిందని మీరే చెప్పండి. వెర్నా ఏమీ అనదు. గ్లెన్ కూడా ఏమీ అనడు."

ఆయన ఇంకా ఆకులు తెంపుతూనే ఉన్నారు. కొండ మీంచి ఎండ దిగి మా కాళ్ళ దగ్గరికి వచ్చింది. పదకొండు వరసలు అటు, కంచె ఇటు. ఇంటికి దారి ఒక్కటే. ఇద్దరం ఒకరి వెనక ఒకరం దిగి వచ్చాం.

వెర్నా కీటింగ్‌కి కొండ అవతల ఊళ్ళో హోటలుంది. ఇరవై రెండేళ్ళుగా మా నల్ల వైన్ ఆవిడ బల్ల మీద ఉంటోంది. ఏటా కోత చివర భోజనానికి వస్తుంది. వచ్చేటప్పుడు మా పాత సీసాల్లో ఒకటి కాగితంలో చుట్టి తెస్తుంది. అది ఏ ఏడాదిదో ఆల్డో చెప్పాలి. చెప్పాక కాగితం చింపి చూపిస్తుంది. ఇరవై రెండేళ్ళలో ఆయన తప్పింది ఒక్కసారే. అదీ ఒక్క ఏడాది తేడాతోనే.

బిరడా తీయడం వంటింట్లో నా పని. కిందటేడూ అంతకు ముందేడూ నేను సీసా మూతి దగ్గర వాసన చూసి, ఏడాదిలో చివరి అంకె ఎంతైతే అన్ని ఆలివ్ కాయలు ఆయన పళ్లెంలో పెట్టాను. ముందు దశాబ్దమా వెనకదా అన్నది రంగు చూసి ఆయనే చెప్పుకుంటారు. ఇలాంటి మోసాన్ని కూడా శుభ్రంగా చెయ్యగలనని నాకు అప్పుడే తెలిసింది.

వెర్నా పన్నెండున్నరకి వచ్చింది. బూట్ల మట్టి గుమ్మంలోనే దులుపుతూ, "ఏమయ్యా ఆల్డో, ఇంకా చావలేదా?" అంది.

"నీ బాకీ భోజనం ఒకటుంది, అది తిని పోదామని," అన్నారు ఆల్డో.

"గ్లెన్, నీకు జుట్టు పలచబడుతోందిరా. కారిన్, నువ్వేమిటి ఇలా చిక్కిపోయావు? తండ్రీ కొడుకులు కలిసి నిన్ను నమిలేస్తున్నారా?" కాగితం చుట్టిన సీసా నా చేతిలో పెట్టింది. "ఈసారి సులువైనది తెచ్చాను. ముసలాయన్ని ఎందుకు కష్టపెట్టడమని. పసిపిల్లలు కూడా చెప్పేస్తారు."

వంటింట్లోకి వెళ్ళి బిరడా తీశాను. మూతి దగ్గరికి ముక్కు పెట్టక్కర్లేకపోయింది.

పొగ ఏడాది సీసా అది. అవతలి కొండ ఆరు వారాలు మండిన ఆ వేసవిలో లోయంతా పొగ నిలిచిపోయింది. ద్రాక్ష తొక్కల్లోకి దిగింది. వైన్ ఆరిన పొయ్యిలో నీళ్ళు పోసినట్టు తయారైంది. ముప్పై పెట్టెలే చేశాం, ఒక్కటీ అమ్మలేదు. వెర్నా ఒకటి గుర్తుగా పట్టుకెళ్ళింది, మేమందరం నవ్వుకోడానికి. ముక్కున్న ఎవరైనా సరే దాన్ని తలుపవతల నుంచే చెప్పేస్తారు.

చేతిలో ఆలివ్ గిన్నె ఉంది. అది రెండువేల పద్దెనిమిదిది, అంటే ఎనిమిది కాయలు. ఎనిమిది పెడితే ఈ రోజు గడిచిపోతుంది. రేపూ గడుస్తుంది. నాలుగింటికి మిసెస్ ఒర్టిజ్‌కి "రాలేను" అని చెప్తాను. గ్లెన్ తలుపు ధడాల్న వేస్తాడు. వచ్చే ఆగస్టులో మళ్ళీ తెల్ల సబ్బు బిళ్ళలు కొంటాను.

గిన్నె తీసుకెళ్ళి బల్ల మధ్యలో పెట్టాను. ఆల్డో పళ్లెం ఖాళీ. ఆయన పళ్లెం వైపు చూశారు, నా వైపు చూశారు. నేను కూచుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. చెప్పండి, అనుకున్నాను. ఇప్పుడు చెప్పండి.

వైన్ పోశాను. వెర్నా గ్లాసు ఎత్తకుండానే ముక్కు ముడిచి నవ్వాపుకుంటోంది. కుందేలు కూర గిన్నె కోసం నేను వంటింట్లోకి లేచి వెళ్ళాను. ఒక్క నిమిషం, అంతకంటే లేదు. తిరిగొచ్చి గిన్నె బల్లమీద దించుతుంటే ఆల్డో పళ్లెంలోంచి గ్లెన్ గరిటె వెనక్కి తీస్తున్నాడు.

"నీకిష్టం కదా నాన్నా, తిను," అంటున్నాడు.

పళ్లెంలో నాలుగు కాయలున్నాయి.

ఆల్డో తలెత్తి నన్ను చూశారు. కళ్ళు తడిగా ఉన్నాయి. అంత కృతజ్ఞతగా ఆయన నన్నెప్పుడూ చూడలేదు. నేను మనసు మార్చుకుని గ్లెన్ చేత పెట్టించాననుకున్నారు. ఆయన అప్పటికే గ్లాసు తిప్పి వెలుగులో పెట్టి, రంగు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"పద్నాలుగు," అన్నారు. "రెండువేల పద్నాలుగు. వానలు సకాలంలో పడిన ఏడాది. చూడు, ఆ చెర్రీ వాసన. వెనకాల గులాబీ. ఇంత చక్కటి వైన్ మళ్ళీ చెయ్యలేదు నేను." ఒక గుక్క తాగారు. "దీన్ని దాచుకున్నావా వెర్నా? తెచ్చి మంచి పని చేశావు."

బల్ల మీద పొగ వాసన నిండుగా ఉంది. గ్లెన్ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. నవ్వడానికి సిద్ధంగా ఉన్న వెర్నా మొహం అలాగే ఉండి, మెల్లగా మామూలైంది.

"సరిగ్గా చెప్పావు," అంది. "ఎప్పుడూ గెలిచేది నువ్వేగా." కాగితం చింపలేదు. సీసా తీసి తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది. "కూర పెట్టు కారిన్, మంచి వాసనొస్తోంది," అంది. అలా అన్నాక తనే తల దించుకుంది.

భోజనం చేశాం. మొక్కజొన్న సంకటి, ఉల్లి లేని కుందేలు కూర. వెర్నా తన హోటలు సంగతులు గబగబా చెప్పింది. ఎవరో వంటవాడు పెళ్ళాంతో గొడవపడి సూపులో రెండుసార్లు ఉప్పేశాడట. ఆల్డో ఒక్కరే మనసారా నవ్వారు. ఆయన నవ్వుతున్నంతసేపూ మేం ముగ్గురం ఆయన్ని చూస్తూ, దొరికిపోయినవాళ్ళలా కూచున్నాం. నేను నిజం చెప్తే ఆయన పరువు వెర్నా ముందే పోతుంది. చెప్పకపోతే ఈ బల్ల దగ్గర్నుంచి ఎవరమూ ఎప్పటికీ లేవం.

రెండున్నరకి వెర్నా వెళ్ళింది. గుమ్మం దగ్గర నన్ను గట్టిగా పట్టుకుంది. "ఎన్నాళ్ళుగా?" అని చెవిలో అడిగింది. "రెండేళ్ళు," అన్నాను. నా వీపు తట్టి కారెక్కింది.

లోపలికి వచ్చేసరికి గ్లెన్ నిలబడి ఉన్నాడు.

"నాన్నా, అది పొగ ఏడాది."

"ఏది?"

"నువ్వు తాగింది. చెర్రీ అన్నావు, గులాబీ అన్నావు."

ఆల్డో పళ్లెం వైపు చూశారు. నాలుగు ఆలివ్ గింజలు అంచున వరసగా పెట్టి ఉన్నాయి. తర్వాత నా వైపు చూశారు.

"ఆ కాయలు నేను పెట్టలేదు ఆల్డో," అన్నాను.

"ఏ కాయలు?" అన్నాడు గ్లెన్. "కాయలేమిటి మధ్యలో? ఎవరైనా నాకు చెప్తారా?"

చెప్పాను. చిక్కుళ్ళు మాడిన రోజు నుంచి, ఆ ఉదయం దాకా. నిలబడే చెప్పాను. గ్లెన్ వింటూ వింటూ కుర్చీలో కూలబడ్డాడు.

"రెండేళ్ళు!" అన్నాడు. "నీకేం కావాలో నీకే తెలీదని తిట్టాను కదే నిన్ను. ఎన్నిసార్లు తిట్టాను! నోరు మూసుకుని పడ్డావా?"

"మాటిచ్చాను."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

ఆల్డో టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. కిటికీలోంచి ఆయన పై చెక్కలోకి ఎక్కడం చూస్తూ ఉండిపోయాం. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మధ్యలో రెండుసార్లు ఆగారు. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది. నేను పళ్లేలు తోమాను. గ్లెన్ తుడిచాడు. అతను అలా తుడవడం పెళ్ళైన కొత్తలో చూశాను.

మూడున్నర దాటాక ఆల్డో తిరిగొచ్చారు. చేతిలో నల్ల ద్రాక్ష గుత్తి ఉంది. దాన్ని బల్లమీద పెట్టారు. నడుము నుంచి వంకర కత్తి విప్పి గుత్తి పక్కన పెట్టారు.

"నాకు వాసన పోయింది," అన్నారు, గుత్తితో చెప్తున్నట్టు. "ఎవరో ఒకరు నమలండి."

ఇద్దరూ నా వైపే చూశారు. ఆ కత్తి నాకు రెండడుగుల దూరంలో ఉంది. చెయ్యి చాపితే చాలు. చాపితే బత్తిస్తా నియమం మొత్తం నాదవుతుంది. లోయ, ఆగస్టు, పీపాలు, అన్నీ. అదీ ఈసారి బహిరంగంగా, గౌరవంగా. ఇక దాక్కోనక్కర్లేదు. వెళ్ళనూ లేను.

ఒక పండు తెంపి గ్లెన్ అరచేతిలో పెట్టాను.

"నాకు రాదు," అన్నాడు. "ఆ కథ నీకు తెలుసుగా."

"తొక్క ముందు నములు. పచ్చికాడ వాసన ఉందేమో చూడు. తర్వాత విత్తనం కొరుకు. పగిలితే చప్పుడు పొడిగా రావాలి."

అతను పండు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఆల్డో ఊపిరి బిగబట్టి కొడుకు దవడ చూస్తున్నారు. ఇంకోటి తెంపి నమిలాడు గ్లెన్. మూడోది. విత్తనం కొరికిన చప్పుడు నాకూ వినిపించింది. పొడిగా లేదు.

"రేపు," అన్నాడు. "రేపు పొద్దున కోద్దాం. పండింది... పండిందనే అనుకుంటున్నాను."

నా నాలిక చివర శనివారం అన్న మాట ఉంది. పొద్దున నా నోట్లోనే ఉంది ఆ రుచి. ఇంకా ఒకటిన్నర రోజు ఎండ. అది లేకపోతే వైన్ పలచగా వస్తుంది, వెనక కాడ వగరు మిగిలిపోతుంది. తప్పు లెక్క వదిలెయ్యడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. పక్కవాళ్ళ బల్లగుడ్డ వంకరగా ఉన్నా సర్దుతాను.

ఆల్డోకీ తెలుసు. శనివారమని పొద్దున ఆయనే జేబులో వేసుకున్నారు. ఆయన నోరు తెరిచారు. "పండింది నాన్నా!" అన్న ఆ అభినయం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఆయన నా వైపు తిరిగి, "నువ్వేమంటావు కారిన్?" అన్నారు, చాలా మెల్లగా.

మూడూ యాభై రెండు.

"చెప్పాల్సింది ఒక్కరే కదా," అన్నాను. "గ్లెన్ చెప్పాడు."

ఆల్డో కాసేపు కత్తి వైపు చూసి, దాన్ని బల్ల మీద కొడుకు వైపు తోశారు. "అయితే కోసేవాళ్ళకి కబురు చెయ్యి," అన్నారు. "పొద్దున అయిదింటికల్లా బుట్టలు పైకి చేరాలి."

గ్లెన్ కత్తి తీసుకోలేదు, ముట్టుకున్నాడంతే. తర్వాత లేచి వరండాలోకి వెళ్ళాడు. కోతవాళ్ళ మేస్త్రీని పిలవడం వినిపించింది. గొంతులో తడబాటు ఉంది. రెండోసారికి గట్టిగానే పిలిచాడు. ఆల్డో కూడా అతని వెనకే వెళ్ళి నిలబడ్డారు.

నేను వంటింటి గోడ దగ్గర ఫోన్ తీసి మిసెస్ ఒర్టిజ్‌కి వస్తానని చెప్పాను. "నిజంగానా?" అంది. "నిజంగానే," అన్నాను. బల్లమీద గుత్తి అలాగే ఉంది. మూడు పళ్ళు తక్కువ. రేపటి పదకొండు వరసలూ ఒకటిన్నర రోజు ముందుగా బుట్టల్లోకి వెళ్తాయి. నేను దాని వైపు చూడకుండా కింది అల్మారా తెరిచాను. ఆగస్టులో గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని ఇంకో డబ్బాలో పెట్టి దాచిన వెల్లుల్లి బయటికి తీశాను. కొన్ని మొలకెత్తాయి. ఆరు రెబ్బలు వలిచి, చితక్కొట్టి, కాగిన నూనెలో వేశాను.

"ఏమిటా వాసన?" అన్నాడు గ్లెన్ వరండాలోంచి.

"ఏ వాసన?" అన్నారు ఆల్డో. "నాకేం రావట్లేదే. ఏం వేయిస్తోందిరా? చెప్పు."